వేలు ఆగినంతసేపు

జూన్ 2

ఇరవై తొమ్మిదేళ్ళు రోజూ ట్రిప్ షీట్ రాసిన చెయ్యి ఇది. ఎన్నింటికి బయలుదేరాను, ఎన్నింటికి చేరాను, డీజిలు ఎంత, బ్రేకులు ఎలా ఉన్నాయి. ఇప్పుడు బస్సు లేదు, షీట్ లేదు. చెయ్యి మాత్రం ఐదయ్యేసరికి పెన్ను కోసం జేబు తడుముతోంది. అందుకే ఈ నోటుపుస్తకం. ఎవరికీ చూపించేది కాదు.

జరిగింది ఒకసారి రాసేస్తే మళ్ళీ రాయక్కర్లేదు. పోయిన వారం ఆఖరి స్టాపులో బండి ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, అలాగే ఉండిపోయానట. కండక్టరు మూడుసార్లు పిలిచినా పలకలేదట. పది సెకన్లంటాడు వాడు. నేనైతే రెండంటాను. బండి ఆగే ఉంది, దిగాల్సినవాళ్ళు దిగారు, ఎవరికీ ఏమీ కాలేదు. అయినా డిపో మేనేజరు నన్ను డాక్టరు దగ్గరికి పంపాడు. డాక్టరు తలకి తీగలు తగిలించి ఏవో గీతలు తీశాడు. మూడు నెలలు స్టీరింగు ముట్టకూడదన్నాడు. ఈ మూడు నెలల్లో ఒక్కసారి కూడా తల తిరగకుండా, మైకం కమ్మకుండా ఉంటే సెప్టెంబరు ఒకటిన సంతకం పెట్టి నా బండి నాకిస్తారు. వస్తే ఇక ఎప్పటికీ ఇవ్వరు.

రాదు.

జూన్ 5

మా ఆవిడ బళ్ళో డ్రిల్ టీచరు. మెడలో ఈల లేకుండా నేను ఆవిణ్ణి చూసింది తక్కువ. ఈ రోజు పొద్దున్నే ఆ ఈల ఊది మరీ నన్ను కుర్చీలోంచి లేపింది. కూర్చున్నచోటే కుడికాలితో బ్రేకు తొక్కుతున్నానట.

"మీరిలాగే ఉంటే మూడు నెలల్లో చాపకి చిల్లు, నాకు పిచ్చి," అంది.

సాయంత్రానికి వాళ్ళ తమ్ముణ్ణి పిలిపించింది. మా బామ్మర్దికి మోటార్లు చుట్టే కొట్టుంది. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ పంపులు, ఏది కాలినా వాడి దగ్గరికే తీసుకెళ్తారు. ఆదివారాలు మాత్రం వాడూ, ఇంకో నలుగురు గడ్డాలు నెరిసినవాళ్ళూ మా ఆవిడ బడి మైదానంలో రిమోటు కార్లు తోలుకుంటూ ఉంటారు. ఇన్నాళ్ళూ వాళ్ళని చూసి నవ్వుకునేవాణ్ణి. ఈ రోజు మూరెడు పొడవున్న పాత కారొకటి అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చాడు.

"ఇది నీది బావా. రిమోటుకి బుల్లి స్టీరింగు కూడా ఉంది చూడు. దీనికి డాక్టరు సంతకం అక్కర్లేదు."

బావమరిది బతక కోరతాడని ఊరికే అనలేదు. పైకి మాత్రం "పిల్లలాటలు" అని మొహం అటు తిప్పుకున్నాను. వాడు వెళ్ళగానే పెట్టె విప్పాను.

జూన్ 6

సాయంత్రం బడి మైదానంలో మొదటిసారి తోలాను. మూడు మలుపులకే ఆ బుల్లి స్టీరింగు చేతికి పట్టుబడింది. కారు మనకెదురుగా వస్తుంటే కుడి ఎడమవుతుంది. అద్దంలో చూసి రివర్సు తోలినవాడికి అదొక లెక్కా.

కానీ ఆ మోటారు కేకలు! గొంతు చించుకుని అరుస్తోంది. బస్సుని సెకండు గేరులో పెట్టి ఊరంతా తిప్పితే ఇలాగే అరుస్తుంది. అలా తోలితే ఇంజిను మరిగిపోతుందని డిపోలో చీపురు పట్టేవాడికి కూడా తెలుసు.

అడుగున విప్పి చూశాను. మోటారు ఇరుసుకి చిన్న పళ్ళచక్రం ఉంది. పినియన్ అంటాడు బామ్మర్ది. అది పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పితే బండి నడుస్తుంది. పెద్దదాన్ని మార్చేపని లేదు, చిన్నదాన్ని మార్చుకోవచ్చు. పెట్టెలో ఐదు చిన్నవి ఇచ్చాడు. పదిహేడు పళ్ళది బండికి ఉంది. పంతొమ్మిది, ఇరవై ఒకటి, ఇరవై మూడు, ఇరవై ఐదు పొట్లంలో ఉన్నాయి. పళ్ళు పెరిగితే మోటారు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా బండి ఇంకాస్త ముందుకెళ్తుంది. అంటే పై గేరు వేసినట్టే.

వాడు పదిహేడే ఉంచమన్నాడు. వాడికి ఫ్యాన్ల గురించి తెలుసు, గేర్ల గురించి ఏం తెలుసు.

జూన్ 9

ఇరవై ఒకటి వేశాను. ఆహా, ఏం మార్పు! కేకలు పోయి ఒక మంద్రమైన పాటలా వస్తోంది. వేగం కూడా పెరిగింది. నిండు కుండ తొణకదు.

బామ్మర్ది ఫోనులో ఒక పరీక్ష చెప్పాడు. రెండు నిమిషాలు తోలి ఆపి మోటారు మీద వేలు పెట్టాలట. పది లెక్కపెట్టేదాకా వేలు ఆగితే చల్లగా ఉన్నట్టు. ఐదుకే వేలు తీసేస్తే పళ్ళు ఎక్కువయ్యాయని. మా ఆవిడ లెక్కపెట్టింది, బళ్ళో పిల్లల చేత గుంజీలు తీయించేటప్పటి గొంతుతో. ఎనిమిదిదాకా ఆపాను. తర్వాత తను పెట్టి మూడుకే "అమ్మో" అని చెయ్యి విదిలించింది.

"మీ వేళ్ళు వేళ్ళు కావు, స్టీరింగు కాచిన కాయలు," అంది.

ఇరవై ఒకటి పళ్ళు. రెండు నిమిషాలు. వేలు: ఎనిమిది. (ఆవిడది: మూడు.)

ఇలా రాస్తుంటే ట్రిప్ షీట్ రాసినంత హాయిగా ఉంది.

జూన్ 19

పాల ప్యాకెట్టు తెస్తుంటే సందు మలుపులో కళ్ళముందు ఒక్క క్షణం తెల్లబడింది. గోడ పట్టుకున్నాను. ఎండ.

జూన్ 26

ఇరవై మూడు పళ్ళు. మూడు నిమిషాలు. వేలు: ఆరు. ఆవిడ వేలు పెట్టనంది.

బామ్మర్ది మైదానానికొచ్చి చూసి తల పట్టుకున్నాడు. "బావా, తగ్గించమంటే పెంచుతావేంటి?"

"ఎంత నిశ్శబ్దంగా ఉందో విను. కాలే బండి ఇలా ఉంటుందట్రా? ఇరవై తొమ్మిదేళ్ళు చెవితో బండి నడిపాను నేను."

"వినద్దు. ముట్టుకో."

ముట్టుకున్నాను. ఆరుదాకా ఆపాను. చుర్రుమంది గానీ, వాడి ముందు తీస్తానా. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారని వాళ్ళక్కతో చెప్పి వెళ్ళాడు. ఎవరి గురించో మరి.

జూలై 8

మైదానంలో కారు కోసం వంగి లేచేసరికి నేల పక్కకి జరిగినట్టయింది. అక్కడే ఒక మోకాలి మీద కూర్చుండిపోయాను. ఆవిడ అవతలి గోలుపోస్టు దగ్గర్నుంచి చూసి ఈల ఊదింది. "బూటు తాడు కట్టుకుంటున్నా" అని అరిచాను. పొద్దు వాలినా చివరి ఎండ నెత్తి మీద కొడుతుంది. ఎండే.

జూలై 13

ఆదివారం పందెం. ఐదు నిమిషాల్లో ఎవరు ఎక్కువ చుట్లు కొడితే వాళ్ళు గెలిచినట్టు. ఇరవై ఐదు వేశాను. ఈల ఊదింది మా ఆవిడే. మూడు నిమిషాలదాకా నేనే ముందు. నలుగురు గడ్డాలవాళ్ళూ నోళ్ళు తెరుచుకుని చూశారు. నా బండి నిమ్మకు నీరెత్తినట్టు, గుట్టుచప్పుడు కాకుండా సాగిపోతోంది.

నాలుగో నిమిషంలో గడ్డి మలుపులో ఆగింది. దగ్గరికెళ్తే కాలిన వాసన.

బ్యాటరీ బాగోలేదు. పైగా గడ్డి ఎత్తుగా ఉంది.

జూలై 14

రాత్రి రాసింది చదివితే నాకే సిగ్గేసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.

బామ్మర్ది కొట్టుకెళ్ళాను. నా కోసం స్టూలు తుడిచి వేశాడు. నాలుగు తిట్టినా బాగుండేది. మోటారు విప్పి బల్లమీద తెల్ల కాగితం మీద పెట్టాడు. లోపల చుట్టిన తీగంతా నల్లగా, పెళుసుగా అయిపోయింది. గోటితో గీరితే పొట్టులా రాలింది.

"పదిహేడుకి గోలగోలగా అరిచేది కదరా," అన్నాను. "ఇరవై ఐదుకి నోరెత్తలేదు."

"అదే బావా తేడా. ఇంజినుకి బరువెక్కితే గుర్రుమంటుంది, వణుకుతుంది, నల్లపొగ వదులుతుంది. పక్క బస్సువాడికి కూడా తెలుస్తుంది. మోటారు అలా చెప్పదు. తిరగలేకపోతే ఇంకాస్త కరెంటు తాగుతుంది. అప్పటికీ లాగలేకపోతే ఇంకాస్త. అంతా లోపలే. అరుస్తూ తేలిగ్గా తిరిగే మోటారు సుఖంగా ఉన్నట్టు. నువ్వేమో పళ్ళు పెంచి దాని నోరు మూయించావు."

"మరి తెలిసేదెలా?"

"చెయ్యి వేసి చూస్తేనే. నా కొట్టుకొచ్చేవాళ్ళంతా ఒకటే మాట, నిన్నటిదాకా బాగానే తిరిగిందండీ అని."

వీడికి స్కూటరు నేర్పింది నేను. ఈ రోజు వాడి ముందు బళ్ళో పిల్లాడిలా కూర్చున్నాను. కోపం రాలేదు, ముచ్చటేసింది. కొత్త తీగ చుట్టిస్తానన్నాడు. కాలిన తీగ ముక్క ఒకటి ఈ పుస్తకంలో పెట్టుకున్నాను.

జూలై 27

ఉదయం నుంచి ఒకటే వాన. మైదానం చెరువైందని ఆదివారం పందెం మానేశారు.

బామ్మర్ది గొడుగేసుకుని వచ్చి మోటారు ఇచ్చాడు. ఇంత సన్నటి తీగ చేత్తో చుట్టాడట, భూతద్దం కంటికి కట్టుకుని, వారం రోజులు. పదిహేడు పళ్ళది వాడి ముందే బిగించాను. రెండు చక్రాల పళ్ళూ మరీ ఒరుసుకున్నా వేడే, మరీ ఎడమైనా పళ్ళు రాలతాయి. మధ్యలో కాగితం ముక్క పెట్టి దగ్గరికి నొక్కి, మరబిగించి, కాగితం లాగేస్తే సరిగ్గా ఉండాల్సినంత సందు ఉంటుంది. ఆ కాగితం కోసం మా ఆవిడ పిల్లల హాజరు పుస్తకంలోంచి ఖాళీ పేజీ చింపింది. వంటింట్లో ముగ్గురం ఒక బల్ల చుట్టూ తలలు దగ్గర పెట్టుకుని కూర్చున్నాం. ఎవరైనా చూస్తే గుండె ఆపరేషనేమో అనుకుంటారు.

"ఎడం ఎంత ఉండాలో కాగితం చెప్తుంది," అన్నాడు వాడు.

"మనిషికీ మనిషికీ మధ్య అయితే?" అంది వాళ్ళక్క.

"అది నువ్వే ఈలేసి చెప్తావుగా అక్కా."

చాలా రోజులకి కడుపునిండా నవ్వుకున్నాం. వాణ్ణి సాగనంపడానికి మెట్లు దిగుతుంటే తల తిరిగింది. కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. వాడు గొడుగు తెరుచుకుంటున్నాడు, చూడలేదు. ఎండ.

ఆగస్టు 3

పదిహేడు పళ్ళు. ఐదు నిమిషాలు. వేలు: పది. ఆవిడది: తొమ్మిది.

పందెంలో ఆఖరున వచ్చాను. కానీ ఆగకుండా చివరిదాకా నడిచింది. మోటారు కీచుమని అరుస్తూనే ఉంది, చెవులు మూసుకుని తోలాను.

ఆగస్టు 12

ఆగలేక నా బండెక్కాను, ప్రయాణికుడిలా. ముసలమ్మ అని పిలుస్తాం దాన్ని డిపోలో. కొత్త డ్రైవరు క్లచ్చు మీంచి కాలు తీయడు. ముసలమ్మ మూలుగుతూ నడుస్తోంది. ఆఖరి సీట్లో కూర్చున్నాను. నేనెప్పుడూ వెనక నుంచి చూడలేదు. అద్దంలో తలలు లెక్కపెట్టుకోవడమే తెలుసు. ఈ రోజు నలభై ఒక్కమంది. పని దిగి ఇళ్ళకి పోతున్నవాళ్ళు. సగం మంది నిద్రలో ఉన్నారు. నా ముందు సీట్లో ఒక తల్లి బిడ్డని భుజాన వేసుకుని తను కూడా కునుకుతోంది. ముందెవడు తోలుతున్నాడో ఒక్కరు కూడా చూడలేదు.

ఈ పనంటే నాకు ప్రాణం. ఇంకో ఇరవై రోజులు.

ఆగస్టు 17

గడ్డం గీసుకుంటుంటే చేతిలో కత్తి జారి బేసిన్లో పడింది. ఎప్పుడు జారిందో తెలియలేదు. చప్పుడుకే తెలిసింది. ఎండ అయ్యుంటుంది.

ఆగస్టు 29

బామ్మర్ది ఫోను చేశాడు. వాడి కొట్టుకొచ్చే ఒకాయన కూడా ఇలాంటి కారే కొన్నాడట. "నీ పుస్తకంలో రాసుకున్నావుగా బావా, ఏ పళ్ళకి ఎన్ని నిమిషాలు, వేలు ఎంతసేపు ఆగింది, అన్నీ ఒక కాగితం మీద వరసగా ఎత్తి రాసివ్వు. ఆయన కూడా నీలాగే ఇరవై ఐదు వేస్తానంటున్నాడు."

మధ్యాహ్నం కూర్చుని పేజీలు తిప్పుతూ రాశాను. జూన్ 9, జూన్ 26, ఆగస్టు 3. మధ్యలో ఆ రెండో రకం రాతలు అడ్డొస్తున్నాయి. వాటిని దాటేద్దామనుకున్నాను. జూన్ 19, ఎండ. జూలై 8, ఎండ. జూలై 27, ఎండ.

జూలై 27 దగ్గర పెన్ను ఆగింది. ఆ పేజీ పైనుంచి చదివాను. "ఉదయం నుంచి ఒకటే వాన." కింద అదే రోజు, అదే పెన్ను, నా చేతిరాతే. ఎండ.

ఆ రోజు గొడుగేసుకుని వచ్చాడు వాడు.

ఎవరికీ చూపించని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నాను. ఎవణ్ణి నమ్మించడానికి?

పుస్తకంలో పెట్టుకున్న కాలిన తీగ ముక్క ఒడిలో రాలింది. నిన్నటిదాకా బాగానే తిరిగిందండీ.

ఆగస్టు 31

పందేనికి వెళ్ళలేదు. ఎందుకని ఆవిడ అడగలేదు.

సెప్టెంబరు 1

ఉతికిన యూనిఫాం చొక్కా వేసుకుని వెళ్ళాను. ఆవిడ బడికి సెలవు పెట్టి నాతో వచ్చింది, మెడలో ఈలతోనే. బయట బల్ల మీద కూర్చుంది. దారిలో చెప్దామని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ట్రాఫిక్కు గురించి ఏదో అన్నాను.

లోపల డాక్టరు కాళ్ళు చేతులు చూశాడు, దీపం వెలుగు కళ్ళలోకి కొట్టాడు, గీతలు చూశాడు. అన్నీ బాగున్నాయన్నాడు. సంతకం పెట్టడానికి పెన్ను మూత తీసి, రాసుకున్న ప్రశ్న చదివినట్టు అడిగాడు.

"ఈ మూడు నెలల్లో ఎప్పుడైనా తల తిరగడం, మైకం కమ్మడం జరిగిందా?"

లేదండీ. ఆ మాట నోట్లో సిద్ధంగా ఉంది. మూడు నెలలుగా ఉంది. గుండె దడదడలాడింది గానీ మొహం మాత్రం నిశ్చింతగానే ఉండుంటుంది, నా మొహం ఎప్పుడూ అంతే. ఆయన సంతకం పెట్టేసేవాడు. ఆ నలభై ఒక్కమంది నా వెనక నిద్రపోయేవాళ్ళు.

"నాలుగుసార్లండీ," అన్నాను.

సంచీలోంచి పుస్తకం తీసి తేదీలు చదివాను. ఆయన రాసుకున్నాడు.

"ఎండలో తిరిగినప్పుడేనా?"

"ఒకటి వానలోనండీ."

ఆయన పెన్నుకి మూత పెట్టేశాడు. మందులు వాడితే అదుపులో ఉంటుందని, బతుక్కేం ఢోకా లేదని, స్టీరింగు మాత్రం ఇక వద్దని మెల్లగా చెప్పాడు. చెప్తున్నప్పుడు నా మొహం కాకుండా పుస్తకం మీది అట్ట చూశాడు. మంచివాడు.

బయటికి వచ్చాను. ఆవిడ లేచి నిలబడింది.

"నాలుగుసార్లు వచ్చింది," అన్నాను. "చెప్పేశాను. బస్సు ఇక లేదు."

"నాలుగా?" అంది. "నాకు రెండే తెలుసు."

ఏ రెండని అడిగాను.

"ఆ రోజు మైదానంలో బూటు తాడు కట్టుకుంటున్నానన్నారే. మీ కాళ్ళకున్నవి చెప్పులు. ఇంకోటి ఆ కత్తి పడిన రోజు, తలుపు బయటే ఉన్నాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే మీరు లేదంటారు. లేదన్నాక నేను నమ్మాలి. నమ్మి పంపించాలి. అందుకే అడగలేదు. ఈ రోజు మీరు లేదని వస్తే ఏం చేయాలా అని ఇందాకటి నుంచీ ఇక్కడ చచ్చిపోతున్నాను."

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఆసుపత్రి వరండాలో, అందరూ చూస్తుండగా, యూనిఫాం చొక్కాలో. ఇరవై తొమ్మిదేళ్ళ ముసలమ్మ కోసం వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ నా మెడ వెనక అరచెయ్యి ఆనించింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ఆ గుంజీల గొంతుతోనే. పది అయింది. చెయ్యి తీయలేదు.

సెప్టెంబరు 5

డిపోలో టైమాఫీసు కుర్చీ ఇచ్చారు. ఏ బండి ఎన్నింటికి కదలాలో చెప్పి పంపడం. పొద్దున ముసలమ్మని నేనే పంపాను. కొత్త డ్రైవర్ని కిటికీలోంచి పిలిచి, క్లచ్చు మీంచి కాలు తీయమని చెప్పాను. తీశాడు. గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. రోజూ ఇలాగే నిలబడతాను కాబోలు కొన్నాళ్ళు.

సెప్టెంబరు 7

ఆదివారం. పదిహేడు పళ్ళు. ఐదు నిమిషాలు. వేలు: పది. ఆవిడది కూడా పది. పందెంలో నాలుగోవాణ్ణి. ఇరవై ఐదు వేస్తానన్న ఆయన మూడో నిమిషంలో గడ్డిలో ఆగిపోయాడు. ఆయనకి స్టూలు తుడిచి వేశాను.

తల: ఒకసారి తిరిగింది. మధ్యాహ్నం, చెట్టు నీడలోనే. ఆవిడకి చెప్పాను.